ఎండ దేశంలో తుప్పా? పాత హ్యాచ్‌బ్యాక్ బాగుచేత: అపోహలు - వాస్తవాలు

2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6, 2005 నాటి మొదటి స్విఫ్ట్, ఆ తర్వాత పోలో జీటీ, అబార్త్ పుంటో. చిన్న ఒళ్లు, గట్టి ఇంజను. ఈ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండులో దొరికితే అందరూ ముందు బానెట్ ఎత్తి చూస్తారు. ఇంజనుకు ఏం వచ్చినా విప్పి బిగించొచ్చు, వేరేది తెచ్చి పెట్టొచ్చు. బాడీ తుప్పు తింటే అట్లా కుదరదు. ఇంటి దగ్గరే తుప్పు పని పెట్టుకునేవాళ్ల నోట తరచుగా వినబడే మాటలు ఇవి.

"మన సీమలో వానలే లేవు, ఇంక తుప్పెక్కడిది?"

అన్నిటికంటే ఎక్కువ బండ్లను పాడుచేసింది ఈ ధీమానే. తుప్పుకు కుండపోత వానలు అక్కర్లేదు. ఆరకుండా నిలిచిన తడి గ్లాసెడు ఉన్నా చాలు.

మొదటి దోషి ఏసీ. అనంతపురంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అది నడుస్తూనే ఉంటుంది. ఏసీ నీళ్లు బయటికి పోయే రబ్బరు గొట్టం దుమ్ముతో మూసుకుంటే, ఆ నీళ్లు ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి దిగుతాయి. పైన మ్యాట్ పొడిగానే ఉంటుంది. కార్పెట్ ఎత్తి కింద ఉన్న స్పాంజి పిండండి, నీళ్లు కారతాయి. కొత్తగా అతికించే మందపాటి ఫ్లోర్ మ్యాట్లు వేయించినవాళ్లకైతే ఆ తడి ఆరే దారే లేదు. బండి ఆపి ఏసీ పావుగంట నడిపి, కింద చుక్కలు పడుతున్నాయా లేదా చూడండి. ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చుక్కలు తక్కువే పడతాయి. ఆగస్టులో చూస్తే సంగతి తేలిపోతుంది.

రెండోది నల్లరేగడి. కర్నూలు, జమ్మలమడుగు వైపు చేల దారుల్లో తిరిగిన బండికి చక్రాల పైన ప్లాస్టిక్ లైనరు వెనక బురద పేరుకుంటుంది. పైకి ఎండి బీటలు వారినట్టు కనిపిస్తుంది. పెళ్ల విరిస్తే లోపల ఇంకా చెమ్మగానే ఉంటుంది. ఆ పెళ్ల రేకును అంటుకుని రోజుల తరబడి అట్లాగే కూర్చుంటుంది. మడ్‌ఫ్లాప్ కోసం అక్కడ కొట్టిన స్క్రూ రంధ్రం దగ్గర తుప్పు మొదలవుతుంది.

మూడోది బోరు నీళ్లు. కడిగి ఎండలో వదిలేస్తే అద్దం మీద తెల్ల మచ్చలు పడతాయి చూశారా, ఆ నీళ్లలోని ఉప్పు తలుపు అంచు మడతల్లోనూ చేరుతుంది. అది గాలిలోని తేమను లాక్కుంటూ ఉంటుంది. బోరు నీళ్లతోనే కడగండి, కానీ చివరి రెండు బకెట్లు మంచినీళ్లు పోసి గుడ్డతో తుడవండి.

ఇక వేపచెట్టు నీడ. నీడకని బండి అక్కడే పెడతాం. రాలిన ఆకు వైపర్ల కింద జాలీలోంచి దిగి నీళ్లు పోయే దారిని మూసేస్తుంది. ఆ జాలీ విప్పితే సగం బండ్లలో గుప్పెడు ఎరువు దొరుకుతుంది.

ఇవి కాక బండి ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇంకో లెక్క. కడప వాళ్లు చెన్నై నుంచి బండ్లు తెచ్చుకోవడం మామూలే. సముద్రపు గాలిలో పదేళ్లు ఉన్న బండి ఇక్కడికి వచ్చాక తుప్పు మానేయదు. 2009 అక్టోబరు కర్నూలు వరద, 2021 నవంబరు చెయ్యేరు వరద లాంటివాటిలో మునిగిన బండి అయితే సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. కింది పట్టీలో బురద చార ఉంటే ఆ బండి వద్దు.

"పెయింటు అద్దంలా మెరుస్తోంది, బాడీ బాగుంది"

చూడాల్సింది తలుపుల కింది గడప, అంటే సిల్లు. దాంతోపాటు ముందు షాకబ్జార్బరు పైకప్పు, వెనక బీము బోల్టులు పట్టే చోటు, స్పేర్ టైరు గుంత. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్లు మీద జరపండి. పట్టు సడలిన చోట లప్పం (పుట్టీ) ఉంది. తర్వాత స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే పెయింటు పొక్కు పగిలి, మొన సగం లోపలికి పోతుంది. అయిదు రూపాయల నాణెమంత పొక్కు కింద అరచేతి వెడల్పు కుళ్లు ఉండటం అరుదేమీ కాదు.

ఈ పని కోసం బండిని ఎత్తి కింద కడప బండలనో, బేతంచెర్ల బండలనో పేర్చేవాళ్లున్నారు. అవి పరచడానికి పనికొచ్చే రాళ్లు. బరువు ఒకే చోట పడితే ముందు చెప్పకుండా విరుగుతాయి. ఇటుకలదీ అదే కథ. జాక్ ఎత్తడానికే, బండి నిలబడాల్సింది జాక్ స్టాండ్ల మీద.

"చింతపండు రుద్దితే ఇత్తడి బిందె మెరుస్తుంది, ఇనుమూ అంతే"

ఇందులో కొంత నిజముంది. పులుపు తుప్పును కరిగిస్తుంది. అయితే విప్పి తీయగలిగిన చిన్న భాగాలకే ఇది పని: బ్రాకెట్లు, హింజులు, మామూలు బోల్టులు. చింతపండు కన్నా కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నయం. లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాములు కలిపి ప్లాస్టిక్ టబ్బులో నానబెట్టండి. రెండు గంటలకోసారి తీసి బ్రష్షుతో రుద్దండి. రాత్రంతా మర్చిపోతే మంచి ఇనుమును కూడా తింటుంది. బయటికి తీశాక లీటరుకు 20 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, హెయిర్ డ్రయ్యరుతో వెంటనే ఆరబెట్టాలి. లేదంటే కళ్లముందే నారింజ రంగు పొర కట్టేస్తుంది.

బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు. తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. కానీ దానిలోని క్లోరైడు రేకు గుంతల్లో మిగిలిపోయి, పెయింటు కింద మళ్లీ తుప్పు లేపుతుంది. ఆ పొగకు అదే గదిలో ఉన్న స్పానర్లు కూడా తుప్పు పడతాయి. స్ప్రింగులు, తల మీద 10.9 అని గుర్తున్న గట్టి బోల్టులను ఏ యాసిడ్‌లోనూ ముంచకండి. లోహంలోకి హైడ్రోజన్ చేరి, బరువు పడినప్పుడు పుటుక్కున విరుగుతాయి.

"రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పు ఇనుముగా మారిపోతుంది"

మారదు. పలుచగా, గట్టిగా అంటుకున్న తుప్పును ఆ మందు నల్లటి నిలకడైన పొరగా మారుస్తుంది, అంతే. పొరలుగా లేచే తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద పని సాగుతూనే ఉంటుంది. ముందు గోకాలి. వైర్ బ్రష్ చక్రం గుంతల్లోని తుప్పును తీయకుండా పాలిష్ పెడుతుంది, అది చూసి లోహం బయటపడిందని మోసపోతాం. గ్రైండరుకు బిగించే స్ట్రిప్ డిస్కుతో మొదలుపెట్టి, మిగిలిన గుంతలకు 80 నంబరు పేపరు వాడండి. ఫ్లాప్ డిస్కు వేగంగా కోస్తుంది కానీ రేకునూ పలుచన చేస్తుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న కన్వర్టర్ మీద ఎపాక్సీ ప్రైమరు (రెండు భాగాలు కలిపి, రంగుకు ముందు వేసే పూత) చాలాసార్లు సరిగా పట్టదు. కన్వర్టర్ వాడితే దాని డబ్బా మీద రాసిన ప్రైమరే వేయండి. ఎపాక్సీ వేయాలనుకుంటే రేకును శుభ్రంగా తీసి, కన్వర్టర్ మానేయండి. రెండూ కలిపితే తర్వాత అట్టలుగా లేవొచ్చు.

"రంధ్రమే కదా, లప్పం పెడితే సరి"

లప్పం వంకరలు సరిచేయడానికి. రంధ్రానికి కావలసింది రేకు. లప్పం తడిని పీల్చుకుంటుంది, వెనక నుంచి నీళ్లు తగిలితే ఉబ్బి ఊడుతుంది. జాలీయో అట్టో అడ్డం పెట్టి మెత్తిన సిల్లు, బండి గుద్దుకున్నప్పుడు అట్ట బలమే ఇస్తుంది.

రేకు అతికాక వంకరకు వాడితే, ఎపాక్సీ ప్రైమరు మీద 3 మి.మీ. మించకుండా పెట్టండి. వంద గ్రాముల లప్పానికి మామూలుగా 2 గ్రాముల హార్డెనరు. మే నెల మధ్యాహ్నం అదే పాళ్లలో కలిపితే పలకమీదే గడ్డకడుతుంది. పొద్దున్నే చేయండి, హార్డెనరు కొంచెం తగ్గించండి, ఒకసారికి నిమ్మకాయంత ముద్దే కలపండి. హార్డెనరు ఎక్కువైతే తర్వాత పెయింటులోంచి మరక బయటికొస్తుంది.

"పక్క షెడ్డులో ఆర్క్ వెల్డింగ్ ఉంది, రెండు చుక్కలు పెట్టిస్తాం"

గేట్లు, ట్రాలీలు చేసే ఆర్క్ రాడ్డుకు 3 మి.మీ. ఇనుము అలవాటు. కారు బయటి రేకు సుమారు 0.7, 0.8 మి.మీ. చుక్క పెడితే రంధ్రం పడుతుంది, దాన్ని పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది. టింకరింగ్ షెడ్లలో వాడే గ్యాసు వెల్డింగు అతుకుతుంది, కానీ వేడి చుట్టూ పాకి రేకు అలలు తిరుగుతుంది, వెనక ఉన్న పెయింటూ మైనమూ కాలిపోతాయి. ఇంట్లో చేయాలంటే వైరు దానంతటదే వచ్చే మిగ్ వెల్డింగు మెషిను, 0.8 మి.మీ. వైరు.

తుప్పు తిన్న చోటే కోయకండి, మంచి రేకు తగిలేదాకా రెండు సెంటీమీటర్లు ఎక్కువ తీయండి. పాత రేకు మందమే కొత్త ముక్కకూ ఉండాలి. ఒక దానిమీద ఒకటి వచ్చే చోట్ల వెల్డింగును తట్టుకునే జింకు ప్రైమరు పూయండి. అటొక చుక్క, ఇటొక చుక్క, మధ్య 25, 30 మి.మీ. ఎడం. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఇంకో చుక్క. వరసగా గీత లాగితే రేకు వంకర్లు పోతుంది.

సిల్లు కోసేముందు తలుపు సందులను నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. తలుపు పట్టే ఖాళీకి అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించండి. రెండు సిల్లులూ ఒకేసారి కోయకూడదు. సిల్లు బలం తగ్గగానే బండి నడుం వాలుతుంది, అట్లా వాలిన స్థితిలో వెల్డింగు చేస్తే తలుపు ఇక ఎన్నటికీ సరిగా పడదు.

వెల్డింగు మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీయండి, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) సాకెట్లు ఊడదీయండి. వెనక సీటు కింద పనైతే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే, తడిగుడ్డ కప్పితే చాలదు. కార్పెట్, సౌండు అట్టలు తీసి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకోండి. పని ముగిశాక అరగంట కాపలా ఉండండి, నిప్పు మెల్లగా అంటుకునేది అప్పుడే. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఈ పని పొద్దున పెట్టుకోవడం మేలు. వోల్టేజీ తక్కువైతే చుక్క పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పట్టి ఉండదు.

"రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేయ్"

కిటికీ ఊచలకు అది చాలు. మామూలు రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కారు కింద తడిని ఎక్కువకాలం ఆపదు. ఉత్త రేకు మీద రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు వేయండి, అదీ రేకు బయటపడిన రోజే. వేసేముందు థిన్నరు గుడ్డతో తుడిచాక చేత్తో ముట్టకండి. వేలి చెమట కూడా ఉప్పే. ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు స్ప్రే చేస్తే రంగు రేకుకు చేరేలోపే ఆరి ఇసుకలా రాలుతుంది. కలిపిన ఎపాక్సీ కూడా వేడికి తొందరగా చిక్కబడుతుంది, డబ్బా మీద రాసిన గంటలు నమ్మవద్దు. పై రంగు మీద మెరుపు కోసం హార్డెనరు కలిపి వేసే టూకే క్లియరు మాత్రం ఇంట్లో వద్దు. అందులోని ఐసోసైనేట్లు (ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు) దుమ్ము మాస్కుకు ఆగవు. ఆ పని పెయింటు బూత్ ఉన్న షెడ్డుకు ఇచ్చేయండి.

"వాటర్ సర్వీసులో కింద డీజిల్ కొట్టిస్తాం, చాలు"

డీజిల్ ఎక్కువకాలం నిలవదు. పోయేముందు కంపెనీ వేసిన మైనాన్ని కడిగేస్తుంది, సస్పెన్షను రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. పాత ఇంజనాయిలు ఇంకా చెడ్డది, అందులో యాసిడ్ చేరి ఉంటుంది.

నల్ల అండర్‌కోటింగు మీదా అతి నమ్మకం ఉంది. తుప్పు మీద కొడితే అది దుప్పటి కప్పినట్టే, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. రంగు పనంతా అయ్యాక సిల్లు, తలుపు లోపలికి రబ్బరు బిరడాల రంధ్రాల్లోంచి పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్సు (బోలు భాగాల లోపల వేసే మైనం) కొట్టండి. చివర్లో నీళ్లు పోయే రంధ్రాలను సన్న తీగతో మళ్లీ తెరవండి. ఇది మర్చిపోతే మైనంతో మీరే తొట్టి కట్టినట్టు. బ్రేకు డిస్కులకు, సీటుబెల్టు రీళ్లకు అది తగలకూడదు.

"స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే జీవితకాలం గ్యారంటీ"

నంబరు ప్లేటుకు వేసుకోండి. దుకాణాల్లో దొరికే ఏ2-70 బోల్టు బలం, 8.8 మామూలు బోల్టుకన్నా తక్కువ. సస్పెన్షనుకూ బ్రేకులకూ వద్దు.

"ఈ20 పెట్రోలు పోస్తే పాత ఇంజను ఖతం"

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. రాత్రికి రాత్రి ఏమీ కాదు. ఈ20కు తగ్గ రబ్బరు, ప్లాస్టిక్ 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లలోనే ఖాయంగా ఉంటాయి. పాత బండ్లలో ఇంధనం రబ్బరు గొట్టాలు మెత్తబడటం, పగుళ్లు రావడం గమనించి, ఇథనాల్ తట్టుకునే గొట్టాలు మార్చండి. ఇథనాల్ నీళ్లను పీలుస్తుంది. ఇనుప ట్యాంకు ఉన్న బండిని నెలల తరబడి కదపకుండా ఉంచేటట్టయితే ట్యాంకు నిండుగా పెట్టండి. సగం ఖాళీగా ఉంటే పై భాగం లోపలి నుంచి తుప్పు పడుతుంది.

"రేకు మనది, రంగు మనది, ఎవరికి చెప్పాలి?"

రంగు మార్చినా, ఇంజను మార్చినా ఆర్సీలో ఎక్కించాలి. 15 ఏళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అప్పుడు తనిఖీలో చాసిస్ నంబరు చూస్తారు. అది కొన్ని బండ్లలో ఇంజను వెనక గోడ మీద, కొన్నింటిలో సీటు కింద నేల రేకు మీద కొట్టి ఉంటుంది, ఆ చోట్లకూ తుప్పు పడుతుంది. గ్రైండరు ఎత్తేముందు ఆ నంబరు ఎక్కడుందో వెతికి, ఫొటో తీసి, చుట్టూ మాస్కింగ్ టేపు అంటించండి. అక్కడ చేత్తో, మెత్తటి పేపరుతోనే రుద్దాలి. ఆ నంబరు ఉన్న రేకే కుళ్లిపోయి ఉంటే కోయకండి, ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రండి.