సముద్రానికి నీలిరంగు ఆకాశం అప్పిచ్చిందా? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. టి.నగర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలే ఎక్కువ. ఏ బ్యాచ్ వచ్చినా ఈ మూడు మాటలు మాత్రం తప్పకుండా వినిపిస్తాయి.

అపోహ: ఆకాశం ప్రతిఫలించడం వల్లే సముద్రం నీలంగా కనిపిస్తుంది.

లార్డ్ రేలీ అంతటి భౌతిక శాస్త్రవేత్తే ఈ మాట అన్నారు, కాబట్టి నమ్మినవాళ్లను తప్పుపట్టలేం. కానీ ఎండ బాగా కాసిన రోజు బెసెంట్ నగర్ బీచ్‌లో నిలబడి చూడండి. నెత్తిమీద ఆకాశం నీలంగానే ఉంటుంది. ఒడ్డు దగ్గర నీళ్లు మాత్రం ఇసుకా మట్టీ కలిసి పచ్చపచ్చగా, మురికిగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ నీలం తేరుతుంది. పైన ఆకాశం ఒకటే అయితే కింద ఇన్ని రంగులెక్కడివి?

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు నా పోలరాయిడ్ కళ్లద్దాలు చేతికిస్తాను. చూపు కాస్త కిందికి దించి, అద్దాన్ని కంటిముందు మెల్లగా పావు చుట్టు తిప్పమంటాను. ఒకచోటికి రాగానే నీటిమీది తళతళ ఆరిపోతుంది. ఆ తళతళే ప్రతిబింబం. అది తగ్గాక నీటి సొంత రంగు ఇంకా చిక్కగా బయటపడుతుంది. "సార్, నీళ్లమీద తెర తీసేసినట్టుంది!" అంది మొన్న ఒకమ్మాయి.

1921లో సి.వి.రామన్ చేసిందీ ఇదే. ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తూ, పోలరాయిడ్ అద్దంలాగే పనిచేసే నికాల్ పట్టకం అనే స్ఫటికంతో నీటిపై మెరుపును తీసేసి చూశారు. నీలం చెక్కుచెదరలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని వాదించారు. నీరు ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడం కూడా ఇందులో పెద్ద కారణమని ఇప్పుడు మనకు తెలుసు. అణువులు కాంతిని చెదరగొడతాయన్న రామన్ ఆలోచనే సాగి సాగి 1928లో రామన్ ఫలితం దాకా, అంటే అలా చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని కనిపెట్టడం దాకా, వెళ్లింది. విశాఖలో పెరిగి, మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న మనిషికి సముద్రం రంగు మీద అంత పట్టుదల కలగడం నాకెంతో సహజంగా తోస్తుంది.

అపోహ: 1+2+3+4+… అనంతం దాకా కూడితే −1/12 వస్తుందని రామానుజన్ తేల్చారు.

మామూలు కూడికతో రాదు. 1, 3, 6, 10, 15… అలా పెరుగుతూనే పోతుంది, ఎక్కడా నిలవదు. 1913లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్ గుమాస్తాగా ఉంటూ కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ ఈ ఫలితాన్ని 'నా సిద్ధాంతం ప్రకారం' అనే చెప్పారు. వాట్సాప్‌లో తిరిగేటప్పుడు ఆ మూడు మాటలే రాలిపోతున్నాయి, నా బాధంతా అదే. 1 + 1/4 + 1/9 + 1/16… ఇది ఒక విలువ దగ్గరికి చేరి ఆగుతుంది. హారాల్లో ఉన్నవి 1, 2, 3, 4ల వర్గాలు; ఆ ఘాతం మార్చుతూ పోతే ఇలాంటి మొత్తాలన్నిటినీ ఇచ్చే ప్రమేయం ఒకటుంది, రీమాన్ జీటా. కూడిక పనిచేయని చోటికి కూడా దాన్ని ఒకే ఒక్క రీతిలో సాఫీగా పొడిగించవచ్చు. మన 1+2+3+… ఉండాల్సిన చోట అలా పొడిగించిన ప్రమేయం ఇచ్చే విలువ −1/12. అది ఆ శ్రేణికి కట్టిన విలువే గానీ, కూడగా వచ్చిన మొత్తం కాదు.

అపోహ: అంతరిక్ష కేంద్రంలో గురుత్వాకర్షణ ఉండదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది సుమారు 400 కిలోమీటర్ల పైన, అంటే ఇంచుమించు చెన్నై నుంచి విజయవాడకున్నంత దూరం. అక్కడ కూడా భూమి లాగుతూనే ఉంటుంది. కేంద్రమూ, లోపలి మనుషులూ కలిసి పడుతూనే ఉంటారు. సెకనుకు 7.6 కిలోమీటర్లకు పైగా వేగంతో పక్కకు దూసుకుపోవడం వల్ల నేలను మాత్రం తాకరు. కలిసి పడుతున్నారు కాబట్టే తేలుతున్నట్టుంటుంది. అంతెత్తు గోపురం కట్టి, దానిపై తూకం యంత్రం పెట్టుకుని నిలబడగలిగితే, ఇక్కడ 60 కిలోలున్న మనిషి అక్కడ 53 కిలోలు తూగుతాడు.