క్లోమాన్ని నొక్కితే ఇన్సులిన్ రాదు

నెల్లూరులో పొద్దున్నే పార్కులో యోగా చేసేవాళ్ల మధ్య ఓ మాట బాగా తిరుగుతుంటుంది. మండూకాసనంలో పిడికిళ్లు పొట్టకు ఆనించి ముందుకు వంగితే క్లోమం (పాంక్రియాస్) నలిగి ఇన్సులిన్ ఊరుతుందట. క్లోమం ఉండేది జీర్ణాశయం వెనక, వెన్నుకు దగ్గరగా. అందులోని బీటా కణాలు రక్తంలో గ్లూకోజ్ పెరిగిందని పసిగట్టి ఇన్సులిన్ వదులుతాయి. పిడికిలితో నొక్కినందుకు వదలవు. పైగా టైప్ 2 షుగర్ మొదలైన కొత్తలో చాలామందికి ఇన్సులిన్‌కు కరువుండదు. దాని మాట కండరాలూ కాలేయమూ సరిగా వినకపోవడమే ఇబ్బంది.

అలాగని యోగా దండగ అనుకోనక్కర్లేదు. దాని ఫలితం పొట్టలో కన్నా తొడల్లో ఎక్కువ.

మొలగొలుకుల అన్నంలో చేపల పులుసు కలుపుకుని తిన్నామనుకోండి. గంట, గంటన్నరకు షుగర్ బాగా పెరుగుతుంది. ఆ గ్లూకోజ్‌ను కండర కణంలోకి చేరవేసే గ్లట్-4 అనే ప్రోటీన్ మామూలుగా కణం లోపలే దాగి ఉంటుంది. ఇన్సులిన్ సంకేతం అందితే కణం అంచుకు వస్తుంది. కండరం బిగిసినా వస్తుంది, ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే! శరీరంలో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి కాబట్టి కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడే ఉత్కటాసనం, ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచే వీరభద్రాసనం లాంటివి నాకు మండూకాసనం కన్నా మేలనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కుర్చీలోంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చున్నా అవే కండరాలు పనిచేస్తాయి.

ఇక శ్వాస. టెన్షన్ పడ్డప్పుడు ఎడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి, కాలేయం తన గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. ఏమీ తినకపోయినా షుగర్ పెరగడానికి ఇదొక కారణం. నిదానంగా ఊపిరి వదలడం, శవాసనం ఆ హార్మోన్ల జోరు తగ్గించడానికి తోడ్పడతాయి.

జాగ్రత్తలు మాత్రం గట్టిగానే చెప్పాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున ఎక్కువసేపు చేస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ తీసుకుని, పావుగంటకు మళ్లీ పరీక్షించుకోవాలి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లకు శీర్షాసనం, సర్వాంగాసనం, ఊపిరి బిగబట్టడం వద్దు. పాదాలు మొద్దుబారినవాళ్లు చేసే ముందూ తర్వాతా అరికాళ్లు చూసుకోవాలి. రోహిణీ కార్తె ఎండల్లో కాలిన గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడితే బొబ్బలెక్కినా తెలియదు.

డాక్టర్ని అడక్కుండా మాత్రలు మానేయడం మరీ ప్రమాదం. ఫలితం వారంలో తేలేది కాదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దాదాపు మూడు నెలల షుగర్ సగటును చూపిస్తుంది, గ్లూకోజ్ అంటుకునే ఎర్ర రక్తకణాల ఆయుష్షు 120 రోజుల దాకా ఉంటుంది కనుక. ఆసనాలు మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు మరోసారి ఆ పరీక్ష చేయిస్తే తేడా ఎంతో రిపోర్టులోనే తెలుస్తుంది.