సముద్రంలో అణు వ్యర్థాలు: అడ్డుపడిన ప్రభుత్వాల కథ

1983లో లండన్ ఒప్పంద (సముద్రంలో వ్యర్థాలు పారేయడాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) దేశాల సమావేశంలో, అణు వ్యర్థాలను సముద్రంలో పారేయడం పూర్తిగా ఆపాలని పట్టుబట్టినవి నౌరు, కిరిబాటి. రెండూ పసిఫిక్ దీవుల దేశాలే. నౌరు మొత్తం కలిపినా 21 చదరపు కిలోమీటర్లు, కోనసీమలో ఒక మండలమంత కూడా ఉండదు. చివరకు స్పెయిన్ పెట్టిన తాత్కాలిక నిలుపుదల తీర్మానం 19–6 ఓట్లతో నెగ్గింది. కాదన్నవాళ్లలో అమెరికా, బ్రిటన్, జపాన్ ఉన్నాయి. ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా వేట మీద బతికే ఊళ్లవాళ్లు తప్పక తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

ఈ పని మొదలైంది 1946లో, అమెరికా చేతుల మీదుగా, కాలిఫోర్నియా తీరానికి దూరంగా. తర్వాత బ్రిటన్ అట్లాంటిక్‌లో మొదలెట్టింది. వ్యర్థాలను ఇనప పీపాల్లో పెట్టి, కాంక్రీటు పోసి, ఓడ మీంచి లోతు నీళ్లలోకి తోసేసేవారు. సముద్రం పెద్దది, అన్నీ కలిసిపోతాయన్నది వాళ్ల ధీమా. ఉప్పునీటిలో ఇనుము ఎన్నాళ్లుంటుందో మన బోటు కార్మికుల్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ వ్యర్థాల్లో ఉండే సీజియం-137 రేడియోధార్మికత సగం తగ్గడానికే 30 ఏళ్లు, ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు. 1993 దాకా 14 దేశాలు 80కి పైగా చోట్ల ఇలా పారేశాయని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క తేల్చింది.

1972 నాటి లండన్ ఒప్పందం తీవ్ర రేడియోధార్మికత ఉన్న వ్యర్థాలనే నిషేధించింది. తక్కువ స్థాయివాటిని అనుమతి తీసుకుని పారేయవచ్చు. ఆ సందులోంచే జపాన్ 1980 ప్రాంతంలో పసిఫిక్‌లోని మరియానా దీవులకు ఉత్తరాన పీపాలు వేస్తానంది. ప్రమాదం లేనిదైతే మీ తీరం పక్కనే వేసుకోండి, మా చేపల దగ్గరికి ఎందుకు తెస్తారన్నది దీవులవాళ్ల ప్రశ్న. దానికి సరైన జవాబు రాలేదు. 1985లో జపాన్ ప్రధాని నకసోనే ఆ పథకాన్ని పక్కన పెట్టారు. అదే ఏడాది రారోటొంగా ఒప్పందంతో దక్షిణ పసిఫిక్ దేశాలు తమ ప్రాంతంలో ఈ పనికి తలుపులు మూసేశాయి.

కథ మలుపు తిరిగింది 1993లో. సోవియట్ కాలంలో ఉత్తరాన కారా సముద్రంలో అణు రియాక్టర్లనే ముంచేశారని, కొన్నింటిలో ఇంధనం కూడా ఉందని ఆ ఏడాది రష్యా ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది. అక్టోబరులో రష్యా నౌక ఒకటి జపాన్ సముద్రంలో సుమారు 900 టన్నుల ద్రవ వ్యర్థాలు వదిలింది. ఒకప్పుడు తానే పీపాలు వేస్తానన్న జపాన్ అప్పుడు గట్టిగా అభ్యంతరం చెప్పింది. తన గడప దగ్గరికి వచ్చేసరికి దానికీ నొప్పి తెలిసింది. నవంబరులో 37 దేశాలు పూర్తి నిషేధానికి ఓటేశాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, అయిదు దేశాలు తటస్థంగా ఉన్నాయి. వాటిలో రష్యా 2005లో గానీ ఒప్పుకోలేదు.

అయితే ఆ నిషేధం ఓడల మీంచి పారేయడానికే. ఒడ్డు నుంచి వదిలేది దాని కిందికి రాదన్నది జపాన్ వాదన. 2023 ఆగస్టు 24న జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం నుంచి శుద్ధి చేసిన, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) మిగిలి ఉన్న నీటిని సముద్రం అడుగున కిలోమీటరు సొరంగం గుండా వదలడం మొదలైంది. అది ప్రమాణాలకు లోబడే ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. చైనా అదే రోజు జపాన్ చేపల దిగుమతి మొత్తం ఆపేసింది. నీటిలో ఎంత ఉందన్న శాస్త్రం ఎలా ఉన్నా, కొనేవాడు ఆగితే పల్లె ఆగుతుంది. అమెరికాకూ చైనాకూ రొయ్యలు పంపే భీమవరం చెరువుల రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మన డెల్టా తీరంలో అణు వ్యర్థాల సమస్య లేదు. కానీ ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే గొట్టాల సమస్య ఉంది. మందుల పరిశ్రమల వ్యర్థాల వల్ల చేప దూరమైపోతోందని ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కారు. నౌరు, కిరిబాటిల తరఫున మాట్లాడింది వాటి ప్రభుత్వాలే. ఉప్పాడ తరఫున ఆ పని చేయాల్సింది మన రాష్ట్ర ప్రభుత్వం. గొట్టం చివర నీటిని క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను తీరంలోని ప్రతి పంచాయతీ ఆఫీసులో తెలుగులో అతికించడంతో మొదలుపెట్టవచ్చు.