మెడికేర్‌కి మధ్యలో ఏజెంటు ఎందుకొచ్చాడు?

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో 65 దాటిన పెద్దవాళ్లున్న ఇళ్లకి బీమా కంపెనీల కవర్లు కట్టలు కట్టలుగా వస్తాయి. మా అమ్మ వాటన్నిటినీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, "వీటిలో గవర్నమెంటుది ఏదిరా?" అని అడిగింది. ఒక్కటీ కాదు. మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. అలాంటి గవర్నమెంటు పథకానికి ఇన్ని కంపెనీలు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది పెద్ద కథే.

1965 జూలై 30న అప్పటి ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊరికి వెళ్లి, మాజీ ప్రెసిడెంట్ ట్రూమన్ సమక్షంలో మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. మొదటి కార్డు ట్రూమన్‌కే ఇచ్చారు. మరుసటి ఏడాది జూలైలో అమల్లోకి వచ్చినప్పుడు ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు: ఆసుపత్రికి పార్ట్ ఎ, డాక్టర్లకి పార్ట్ బి, ఆ రెండోదానికి నెలకు 3 డాలర్లు. అయితే డాక్టరు బిల్లులో మెడికేర్ ఇచ్చేది 80 శాతమే, మిగతా 20 శాతం మనమే కట్టుకోవాలి, దానికి పైన ఇంత అని హద్దు కూడా లేదు, ఇవాళ్టికీ లేదు.

కంపెనీలు అడుగుపెట్టింది ఆ 20 శాతం సందులోంచే. ఆ సందు పూడ్చే ప్రైవేటు పాలసీలు, అంటే మెడిగ్యాప్‌లు పుట్టాయి, వాటితోపాటు మోసాలూ పుట్టాయి. ఒకే ముసలామెకి ఒకే పనికొచ్చే పాలసీలు మూడు నాలుగు అంటగట్టి కమీషన్లు దండుకున్న ఏజెంట్లున్నారు, అందుకే ఈ వృత్తి మీద జనానికి ఇప్పటికీ అనుమానం, అందులో తప్పేమీ లేదు. 1980లో ఒక చట్టం తెచ్చినా చాల్లేదు. 1990 చట్టం గట్టిగా పట్టుకుంది: ఉన్న పాలసీ మీద ఇంకోటి అమ్మకూడదు, 1992 నుంచి ప్లాన్లన్నీ అక్షరాల పేర్లతో ఒకే నమూనాలో ఉండాలి. డబ్బు తీసుకోకుండా సలహా ఇచ్చే కౌన్సెలర్ల వ్యవస్థ ప్రతి రాష్ట్రంలో నిలబడిందీ ఆ చట్టం వల్లే. మనవాళ్లలో దాని సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

తర్వాత 1997లో పార్ట్ సి, అంటే పార్ట్ ఎ, బి రెండింటినీ ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే పద్ధతి, 2003 చట్టంతో దానికి అడ్వాంటేజ్ అన్న పేరు, 2006 నుంచి మందులకి పార్ట్ డి. ఈ ప్లాన్లు చాలావరకు కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి మారిపోతాయి. మన కార్డియాలజిస్ట్ ఏ ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే దాని డాక్టర్ల జాబితాలో ఉన్నాడో ఎక్కడో కాల్ సెంటర్‌లో కూర్చున్న మనిషికంటే మన ఊళ్లోని ఏజెంటుకే బాగా తెలిసే అవకాశం ఉంది. 2008లో మరో చట్టం వచ్చి పిలవని ఇంటికి వెళ్లడం, భోజనాలు పెట్టి ప్లాన్లు అమ్మడం ఆపింది. అడ్వాంటేజ్ కమీషన్‌కి ప్రభుత్వమే పరిమితి పెడుతుంది, 2025లో కొత్తగా చేరేవారికి చాలా రాష్ట్రాల్లో గరిష్ఠంగా 626 డాలర్లు. అది కంపెనీయే ఇస్తుంది, మనం ఫీజు కట్టక్కర్లేదు. ఇండిపెండెంట్ ఏజెంటంటే ఒక్క కంపెనీకే కట్టుబడనివాడు, అంతేగానీ అన్ని కంపెనీల ప్లాన్లూ అతని దగ్గర ఉంటాయని కాదు, కాబట్టి ఎవరెవరివి అమ్ముతావని మొహమాటం లేకుండా అడగాలి.

మనవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. పిల్లలు ఇక్కడ ఎన్నేళ్లు ఉద్యోగం చేసి పన్ను కట్టినా అది తల్లిదండ్రుల లెక్కలోకి రాదు. గ్రీన్ కార్డుతో వరసగా అయిదేళ్లుంటే 65 దాటినవాళ్లు మెడికేర్ కొనుక్కోవచ్చు, కానీ తమదిగానీ భార్య లేదా భర్తదిగానీ ఇక్కడ పనిచేసిన లెక్క లేకపోతే 2025లో పార్ట్ ఎ నెలకు 518, పార్ట్ బి 185 డాలర్లు. చిన్న మొత్తం కాదు.

మా అమ్మకి ఆ అయిదేళ్లు నిండినప్పుడు మా ఊరి ఏజెంటు ఒకావిడ ఇంటికొచ్చింది. బ్రోషర్ తియ్యలేదు, ముందు "మందుల డబ్బా తీసుకురండమ్మా" అంది. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు, థైరాయిడ్‌ది, ఒక్కొక్క సీసా మీది పేరూ మోతాదూ రాసుకుంది. తర్వాత "ఇండియాకి ఎన్నాళ్లకోసారి వెళ్తారు?" అని అడిగింది. ఏటా మూడు నెలలు అని అమ్మ చెప్పగానే పెన్ను పక్కన పెట్టి, అసలు మెడికేర్ విజయవాడలో దాదాపు పనిచెయ్యదనీ, కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు మాత్రం ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి, ముందు 250 డాలర్లు మనం పెట్టుకున్నాక, 80 శాతం ఇస్తాయనీ, అదీ జీవితం మొత్తానికి 50,000 డాలర్లలోపేననీ చెప్పింది. పార్ట్ బి మొదలైన ఆరు నెలల్లోపైతే జబ్బులున్నా మెడిగ్యాప్ ఇవ్వాల్సిందే, ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో కంపెనీ కాదనొచ్చు అని చెప్పి, గోడ మీది తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఆఖరి తేదీకి తనే సున్నా చుట్టింది.