‘భలే’కీ ‘భల’కీ మధ్య: సరిహద్దు ఊళ్లలో బ్రాండు పేరు కాచే యంత్రాలు

ఒడిశాలోని బరంపురంలో పచ్చళ్లు, అప్పడాలు, పట్టుచీరలు అమ్మేవాళ్లకు మంచిపేరైనా చెడ్డపేరైనా ఒకప్పుడు గల్లాపెట్టె ముందే వినబడేది. ఇప్పుడది గూగుల్ మ్యాప్ స్టార్లలో, ఇన్‌స్టాగ్రామ్ కామెంట్లలో, వాట్సాప్ ఫిర్యాదుల్లో చెదిరిపోయింది. అన్నీ చదివి ఎవరు మెచ్చారో ఎవరు తిట్టారో చెప్పేస్తామంటూ కృత్రిమ మేధ సాధనాలు వస్తున్నాయి. అవి జవాబు చక్కగానే రాస్తాయి. చిక్కంతా వినికిడిలో ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం జిల్లాలో చాలా భాగం, కోరాపుట్ ప్రాంతం అటు కలిశాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురాల్లో తెలుగు ఇంట్లోనూ బజారులోనూ నిలిచింది. బడికీ కచేరీకీ ఒడియా వచ్చింది. అందుకే ఇక్కడ తెలుగు గడగడా మాట్లాడి, లిపి దగ్గర తడబడేవాళ్లు కనిపిస్తారు. ఫోను పట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, నడుమ ఒడియా, కాస్త హిందీ.

యంత్రాల చదువు మాత్రం వేరే చోట మొదలైంది. 2002లో బో పాంగ్, లిలియన్ లీ, శివకుమార్ వైద్యనాథన్ ఇంగ్లీషు సినిమా సమీక్షలను మెప్పు, తిట్టు అని యంత్రంతో విడదీయించారు. 2014లో వచ్చిన వేడర్ అనే సాధనం 7,500కు పైగా మాటలకు, గుర్తులకు మార్కులు వేసుకుని, ముందున్న మాటల్లో ‘నాట్’ లాంటిది ఉందేమో చూసేది. ఇంగ్లీషుకు ఆ పద్ధతి సరిపోతుంది. తెలుగులో ‘కాదు’తనం క్రియలోనే కరిగిపోతుంది: నచ్చింది, నచ్చలేదు, నచ్చదు. ఒడియాలో ‘భల’ అంటే బాగు, ‘భల నాహిఁ’ అంటే బాగోలేదు, అంటే కాదనే మాట వెనక వస్తుంది. ముందున్న మాటలనే చూసే యంత్రానికి అది మెప్పుగానే వినబడుతుంది. పైగా మన ‘భలే’ పక్కనే కూర్చుంటుంది.

2018లో గూగుల్ నుంచి బెర్ట్ అనే భాషా నమూనా వచ్చింది. దాని బహుభాషా రూపం నేర్చిన 104 భాషల్లో తెలుగు ఉంది, ఒడియా లేదు. ఇక్కడి కామెంటులో ఒడియా ముక్క దానికి నేర్పని భాషేనన్నమాట. 2021 నాటి మురిల్ అనే నమూనా 16 భారతీయ భాషలను, ఇంగ్లీషును కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పాఠాన్ని కూడా నేర్చుకుంది. అసలైన మలుపు అదే అని మా అంచనా. అయినా ‘బాగుంది’కి ఒకరు ‘ఏ’ ఒకటి వేస్తారు, ఇంకొకరు రెండు, మరొకరు ‘డి’ పక్కన ‘హెచ్’ కలుపుతారు. ‘కారం మండిపోయింది’ మెప్పో ఫిర్యాదో రాసినవాళ్ల నాలుకకే తెలియాలి.

మాటను అర్థం చేసుకోవడానికి ముందు పోగుచేయడంలోనే ఒక గొయ్యి ఉంది. బరంపురం పేరుతో వెతికితే పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోని బహరంపూర్ కూడా వచ్చి పడుతుంది. ఖర్మకాలి అదీ పట్టుకు పేరున్న ఊరే. ఒడియాలో ‘పట్ట’ అంటే పట్టు. ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట భూమి పట్టాల గొడవలనూ లాక్కొస్తుంది. కాబట్టి వెతుకుడు మాటల్లో ఊరి పేరుకు అన్ని రూపాలూ చేర్చాలి, ముర్షిదాబాద్, భూమి, తహసీల్దారు లాంటివి మినహాయించాలి. మొదటి వారం పోగైన వాటిలో 200 తీసి మనిషి చదివితే ఎంత చెత్త చేరుతోందో తెలుస్తుంది.

అమ్మేవాళ్లు చెప్పే ‘94 శాతం కచ్చితత్వం’ లెక్క వేసి చూడండి. 1,000 కామెంట్లలో 60 ఫిర్యాదులుంటే, అన్నిటికీ కళ్లు మూసుకుని ‘బాగుంది’ అని ముద్ర కొట్టినా 94 శాతం వస్తుంది, ఒక్క ఫిర్యాదూ దొరకదు. అడగాల్సింది: నిజమైన 100 ఫిర్యాదుల్లో ఎన్నిటిని పట్టింది? అందుకు ముందు 100 ఫిర్యాదులు, 300 మామూలు కామెంట్లు పక్కన పెట్టుకోవాలి. రెండు భాషలూ వచ్చిన ఇద్దరు విడివిడిగా చదివి రుచి, ప్యాకింగు, ఆలస్యం, ధర, మర్యాద అని గుర్తుపెట్టాలి. ఐదింట ఒకటికి మించి ఇద్దరికీ కుదరకపోతే ముందు ఆ వర్గాలనే సరిచేసుకోవాలి. మనుషులకే తేలనిది యంత్రానికేం తేలుతుంది? స్టార్లను నమ్ముకోవద్దు. ఒకటంటే ఫస్టు అనుకుని ఒక్క స్టారు ఇచ్చి, కింద ‘సూపర్’ అని రాసేవాళ్లు ఉంటారు.

బూజు, పురుగు, వాంతులు లాంటి మాటలను యంత్రం మార్కులకు వదలకూడదు. వాటిని తెలుగు, ఒడియా, ఇంగ్లీషు లిపుల్లో అన్ని రూపాలతో జాబితా వేసి, ఏది కనబడినా నేరుగా ఒక మనిషి ఫోనుకు వెళ్లేలా కట్టాలి. పచ్చడి వ్యాపారంలో బ్యాచి నంబరు అడగడం క్షమాపణకన్నా ముందు జరగాలి.

జవాబుల సంగతి. 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్, చాట్‌బాట్ తప్పుగా చెప్పిన ఛార్జీ రాయితీకి ఎయిర్ కెనడాదే బాధ్యత అని తేల్చింది. డబ్బు వాపసు, తేదీ, ఆరోగ్యం గురించిన మాటకు యంత్రం చిత్తుప్రతి రాయవచ్చు, పంపే మీట మనిషి చేతిలో ఉండాలి. దొంగ సమీక్షలు రాయించుకోవడం మాటకొస్తే, ఆన్‌లైన్ సమీక్షల కోసం మన దేశంలో 2022 నవంబరులోనే ఐఎస్ 19000 ప్రమాణం వచ్చింది. ఒకే పోకడలో రాసిన ముప్పై పొగడ్తలు ఒక్క రోజున పడితే ఊళ్లో జనమే ముందు కనిపెడతారు.

గుర్తుపెట్టిన ఆ 400 కామెంట్ల కట్ట కూడా పాతబడుతుంది. నిన్నటి ‘కేక’ నేటికి వెటకారం కావచ్చు. మూడు నెలలకోసారి 100 కొత్తవి చేర్చి, అంతే సంఖ్యలో పాతవి తీసేసి, మళ్లీ పరీక్ష పెట్టాలి.