ఇంగ్లీషులో ప్రశ్న అడగడం: అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడమే నా పని. అడిగినదానికి టకటకా సమాధానం చెప్పేవాళ్లు కూడా ‘ఇప్పుడు మీరు నన్నొక ప్రశ్న అడగండి’ అంటే నీళ్లు నములుతారు. తెలుగులో ‘వచ్చాడు’ చివర దీర్ఘం తీస్తే చాలు, ‘వచ్చాడా?’ అయిపోతుంది, మాటల వరస కదపక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ పని వాక్యం మొదట్లోనే జరిగిపోవాలి, అందుకే మనవాళ్లు ‘యూ ఆర్ కమింగ్ ఆ?’ అని మన తోకను అక్కడికీ లాక్కెళ్తారు.

అపోహ: ‘ఆర్’ ముందుకు రాకపోతే అది ప్రశ్నే కాదు.
వాస్తవం: విన్నది ఖాయం చేసుకోవడానికి ‘యూ ఆర్ కమింగ్?’ అని గొంతు లేపి ఇంగ్లీషువాళ్లూ అడుగుతారు. ‘వేర్ యూ ఆర్ గోయింగ్?’ మాత్రం కుదరదు, ‘వేర్ ఆర్ యూ గోయింగ్?’ అనే అనాలి.

అపోహ: ప్రశ్న అన్నాక డూ, డిడ్ ఉండాల్సిందే.
వాస్తవం: ‘హూ కాల్డ్ యూ?’ అంటే నీకు ఎవరు ఫోన్ చేశారు. ‘హూ డిడ్ యూ కాల్?’ అంటే నువ్వు ఎవరికి చేశావు. మనకి ‘ఎవరు’, ‘ఎవరికి’ తేడా చూపించే ఆ చిన్న ‘కి’ పనిని అక్కడ డిడ్, మాటల వరస కలిసి చేస్తాయి. ఇది పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. (అన్నట్టు, ‘డిడ్ యూ వెంట్’ అనకండి, డిడ్‌లోనే భూతకాలం ఉంది, ‘గో’ చాలు.)

అపోహ: ఎస్, నో చెప్పడం ఎవరికి రాదు?
వాస్తవం: అసలు కొంప మునిగేది ఇక్కడే. మాక్ ఇంటర్వ్యూలో ఒక ఫ్రెషర్‌ని ‘డోంట్ యూ హావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్?’ అని అడిగాను. ‘ఎస్ సర్’ అన్నాడు. ‘వేర్?’ అన్నాను. బిక్కమొహం వేశాడు. పాపం, అతను అబద్ధం చెప్పలేదు, మనసులో ‘అవును సర్, లేదు’ అనుకున్నాడు. మనం అడిగినవాళ్ల మాటతో ఏకీభవిస్తూ అవును అంటాం, ఇంగ్లీషులో మాత్రం ఉంటే ఎస్, లేకపోతే నో, ప్రశ్న ఎలా అడిగినా సరే. ‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్?’ అంటే ఇంకా తిరకాసు, ఆగడానికి ఇబ్బంది లేకపోతే ‘నో’ అనాలి. వ్యాకరణం తప్పినా ఎదుటివాళ్లు అర్థం చేసుకుంటారు, ఎస్ తప్పితే అపార్థం చేసుకుంటారు. కాబట్టి ఎస్, నో దగ్గరే ఆపేయకుండా ‘నో, ఐ డోంట్’ అని పూర్తిగా చెప్పించడం అలవాటు చేశాను.

అపోహ: ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే అందరికీ అర్థమవుతుంది.
వాస్తవం: మన దగ్గర అవుతుంది. అమెరికా క్లయింట్ కాల్‌లో అంటే మీకేదో నమ్మకం కుదరలేదనుకుంటారు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి.

చివరిది, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు నా మీదకి విసిరేది: ‘రాముడు దశరథుడికి ఎన్నో కొడుకు?’ దీన్ని ఇంగ్లీషులో అడగండి సర్! తెలుగులో అడగగలిగే ప్రతి ప్రశ్నకీ ఇంగ్లీషులో అచ్చం అలాంటి ప్రశ్నే ఉంటుందనుకోవడమూ అపోహే, ‘ఎన్నో’కి అక్కడ సరిపోయే ఒక్క మాట లేదు. ‘వాజ్ రామా ది ఎల్డెస్ట్?’ అని అడగండి, కాకపోతే అవతలివాళ్లే సరిచేస్తారు.