పేదవాడి ఇల్లు: తాటాకు చూరు నుంచి శ్లాబు దాకా

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేదల గృహనిర్మాణ పథకం పేరు మారుతుంది, ఇంటి విస్తీర్ణం కొంత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి, ఎన్ని పూర్తయ్యాయి అన్న లెక్కల మీద వాదం మొదలవుతుంది. ఆ ఇల్లు ఎలా ఉండాలన్న ప్రశ్న మాత్రం ఆ వాదంలోకి రాదు. పక్కా ఇల్లంటే నాలుగు గోడల మీద చదునైన కాంక్రీటు శ్లాబేనని ఎప్పుడు, ఎందుకు స్థిరపడిందో తెలియాలంటే దాదాపు యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పటిదాకా కోస్తాలో పేదల ఇల్లంటే మట్టిగోడ, తాటాకు కప్పు. వాటిలో ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ప్రత్యేకించి చూడదగినది. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శిఖరంలా లేచిన తాటాకు కప్పు, నడుం వంచితే గాని లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. గాలికి అడ్డు నిలిచే మూలలు లేనందున ఈదురుగాలి గోడను చుట్టుకుని పోతుంది. దిగువకు వాలిన చూరు గోడను వానకు తడవనివ్వదు, ఎండకు కాగనివ్వదు. అయితే ఆకు కప్పును కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి. అంతకన్నా పెద్ద భయం నిప్పు: వేసవిలో ఒక పొయ్యి నుంచి లేచిన రవ్వకు పేట మొత్తం బూడిదైన సంఘటనలు తీరప్రాంతానికి కొత్త కావు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మట్టిగోడ బలహీనతను భయంకరంగా చూపింది. సుమారు పదివేల మంది చనిపోయారు. గాలిని తట్టుకునే గోడ నీళ్లలో నానితే నిలవదు. ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం కలిసి తీరగ్రామాల్లో పక్కా ఇళ్ల కాలనీలు కట్టించాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం బలహీనవర్గాలకు శాశ్వత గృహాలను ప్రధాన కార్యక్రమంగా చేపట్టింది. కేంద్రం 1985-86లో ఇందిరా ఆవాస్ యోజనను మొదలుపెట్టి, 1996 నుంచి దాన్ని స్వతంత్ర పథకంగా నడిపింది.

ఆ కేంద్ర పథకపు మార్గదర్శకాలు ఇల్లు కనీసం 20 చదరపు మీటర్లు, అంటే దాదాపు 215 చదరపు అడుగులు ఉండాలన్నాయి గాని, ఒకే నమూనాను రుద్దవద్దని, కాంట్రాక్టర్లను రానివ్వవద్దని కూడా స్పష్టంగా చెప్పాయి. అయినా ఇళ్లన్నీ ఒకే మూసలోకి వెళ్లడానికి ముఖ్య కారణం బిల్లులు పడే పద్ధతే అని నా అభిప్రాయం. పునాది, గోడలు, శ్లాబు అని దశలవారీగా సొమ్ము విడుదలైనప్పుడు, ఇంజనీరు కొలతకు అందే పనే పనిగా లెక్కకొస్తుంది. అరుగుకు, ముందు వసారాకు, ఎదురెదురు కిటికీలకు ఏ దశలోనూ బిల్లు లేదు.

ఇదే కాలంలో కేరళలో వేరే ప్రయత్నం జరిగింది. 1945లో భారతదేశానికి వచ్చి, తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ తక్కువ ఖర్చు ఇంటిని వృత్తి ధర్మంగా తీసుకున్నారు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఫిల్లర్ శ్లాబు సంగతి మన మేస్త్రీలందరూ తెలుసుకోవలసినది. బరువు పడి శ్లాబు వంగినప్పుడు దాని పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది; సాగేచోట బలాన్ని మోసేది ఇనుప చువ్వలే గాని కాంక్రీటు కాదు. అందువల్ల చువ్వల గళ్ల మధ్య, కిందిభాగంలో, రెండేసి మంగుళూరు పెంకులు బోర్లించి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు ఆదా అవుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి ఎండవేడిని అడ్డుకుంటుంది. మామూలు శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి మంచాల మీదికి దించుతుంది. ఇటుకలను పక్కకు నిలిపి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ కట్టుడుతో ఇటుకలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి. 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పద్ధతులను అక్కడ జనంలోకి తీసుకెళ్లింది. తక్కువ ఖర్చు నిర్మాణాన్ని నేర్పే, కేరళలోనే పుట్టిన నిర్మితి కేంద్రాలు మన జిల్లాలకూ వచ్చాయి గాని, ఆ పద్ధతులు కాలనీల్లో వేళ్లూనలేదు.

శ్లాబును జనం కోరుకున్నారన్నది కూడా నిజం. తరతరాలుగా పూరిల్లే పేదరికానికి గుర్తుగా బతికిన కుటుంబానికి డాబా అంటే గౌరవం, మిరపకాయలు ఎండబోసుకునే చోటు, కొడుకు పెళ్లయితే పైన గది వేసుకునే ఆశ. ఆ కోరికను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి ఇందిరమ్మ పథకం తర్వాత తెలంగాణ 560 చదరపు అడుగుల రెండు పడక గదుల ఇంటికి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చి 340 చదరపు అడుగుల ఇల్లు నిర్ణయించింది. సెంటు అంటే దాదాపు 435 చదరపు అడుగులు. పట్టణంలో ఇల్లు పోగా మిగిలేది వంద చదరపు అడుగుల లోపే. అందులో నీడకు చెట్టు వేసే చోటెక్కడ?

తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగులు, సాయం 5 లక్షల రూపాయలు, కప్పు ఆర్‌సీసీ, అంటే ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు. లబ్ధిదారు సొంత స్థలంలో తానే కట్టుకుంటారు కనుక గదుల అమరికలో కొంత స్వేచ్ఛ ఉంది. ఫిల్లర్ శ్లాబు కూడా ఆర్‌సీసీయే. దాన్ని మామూలు శ్లాబుతో సమానంగా కొలిచి బిల్లు ఇవ్వాలని మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసి, మండల కేంద్రాల్లో కట్టే నమూనా ఇళ్లలో కొన్నింటికైనా ఆ కప్పు వేయించి, స్థానిక మేస్త్రీలకు అక్కడే పని నేర్పడానికి ఇప్పుడున్న నిబంధనలను పెద్దగా మార్చవలసిన అవసరం లేదు.